నీళ్ళలో క్లోరిన్ ఉన్నా పాచి ఎందుకు పోదు?

ఏప్రిల్ దాటిందంటే డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక ప్రశ్న వినపడడం మొదలవుతుంది. ఫ్రిస్కోలో గృహప్రవేశం కానివ్వండి, ఇర్వింగ్‌లో సత్యనారాయణ వ్రతం కానివ్వండి, భోజనాలయ్యాక పెరట్లోకి వచ్చినవాళ్ళు పూల్ నీళ్ళకేసి చూస్తూ అడిగేది అదే. "ఇంత క్లోరిన్ వేస్తున్నాం కదండీ, ఈ పాచి ఎందుకు పోదు?" పరీక్ష కాగితం ముంచి చూస్తే క్లోరిన్ ఉన్నట్టే రంగు తేలుతుంది. దుకాణంలో చెప్పిన మందులన్నీ పోశారు. అయినా గోడ మీద చెయ్యి పెడితే జారుతుంది, మెట్ల మూలల్లో పచ్చదనం వారం తిరక్కుండా మళ్ళీ వస్తుంది. దిగుతామని పిల్లలు గోల, దింపాలంటే పెద్దలకు భయం. పూల్ ఉన్న ఇల్లు కొన్నామన్న సంతోషం మొదటి వేసవికే దిగులైపోయిన కుటుంబాలను చాలానే చూశాను. ఈ ప్రసంగం వాళ్ళకోసం.

మొండి పాచి అని మనం అంటున్నదాంట్లో మొండితనం చాలావరకు పాచిది కాదు, ఆ నీళ్ళది. ఎక్కడ చిక్కుపడిందో తెలిస్తే మామూలు క్లోరిన్‌తోనే, ఖరీదైన సీసాలేవీ లేకుండానే నీళ్ళు తేటపడతాయి. అది ఎలాగో చెబుతాను.

పాచి విత్తనం రాకుండా ఎవరూ ఆపలేరు. గాలి తెస్తుంది, వాన తెస్తుంది, వసంతంలో ఓక్ చెట్ల పుప్పొడితో కలిసి వస్తుంది, చెరువులో ఈదిన ఈత దుస్తులతో వస్తుంది. మన పూల్‌లో ప్రతి రోజూ కొంత దిగుతూనే ఉంటుంది. నీళ్ళు వెచ్చబడి, ఎండ తగిలి, కాస్త నత్రజని, ఫాస్ఫేటు దొరికితే అది ఒక్క రోజులో రెట్టింపు కాగలదు. అందుకని పూల్‌లో జరిగేది ఎప్పుడూ ఒక పందెమే. అది పెరిగే వేగం కన్నా క్లోరిన్ దాన్ని చంపే వేగం ఎక్కువగా ఉన్నంతకాలం మనకేమీ కనపడదు. ఆ వేగం తగ్గిన రోజున మొదట నీళ్ళ మెరుపు పోతుంది, తరవాత గోడలు జారుడెక్కుతాయి, ఆ తరవాత రంగు మారుతుంది. పచ్చగా కనపడేసరికే మనం ఆ పందెం ఓడిపోయి కొన్ని రోజులైందన్నమాట.

మరి క్లోరిన్ ఉన్నా ఆ వేగం ఎందుకు తగ్గుతుంది? రెండు కారణాలు. ఒకటి నీళ్ళ పీహెచ్. నీళ్ళలో క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. పాచిని చురుగ్గా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. రెండో రూపం హైపోక్లోరైటు, దాని బలం చాలా తక్కువ. పీహెచ్ 7.5 దగ్గర రెండూ ఇంచుమించు సగం సగం. అది 8కి ఎక్కితే చురుకైన రూపం పావు వంతుకు పడిపోతుంది. కొత్తగా ప్లాస్టర్ వేసిన పూల్‌లోనూ, జలపాతాలూ ఊటలూ పెట్టుకున్న పూల్‌లోనూ పీహెచ్ తనంతట తనే పైకి పోతూ ఉంటుంది. ఇది చాలామందికి తెలిసిన సంగతే, మ్యూరియాటిక్ యాసిడ్ పోసి సరిచేసుకుంటూనే ఉంటారు.

రెండో కారణం అసలుది. దాన్ని చాలామంది కొలవనే కొలవరు. దాని పేరు సైనూరిక్ యాసిడ్. దుకాణంలో స్టెబిలైజర్ అనో కండిషనర్ అనో అమ్ముతారు. ఎండకు క్లోరిన్ నిలవదు. స్టెబిలైజర్ బొత్తిగా లేని నీళ్ళలో వేసవి మధ్యాహ్నపు ఎండ గంటలోపే సగం క్లోరిన్‌ను పోగొడుతుంది. సైనూరిక్ యాసిడ్ క్లోరిన్‌ను పట్టుకుని, ఎండ బారి నుంచి కాపాడి, కొంచెం కొంచెంగా వదులుతుంది. టెక్సస్ లాంటి చోట అది లేకుండా పెరటి పూల్ నడపలేం. పది లక్షల పాళ్ళ నీళ్ళకు 30 నుంచి 50 పాళ్ళు, అంటే 30 నుంచి 50 పీపీఎం ఉంటే చాలు.

చిక్కు ఎక్కడంటే, అది ఎక్కువైనకొద్దీ క్లోరిన్‌ను పట్టుకోవడమే తప్ప వదలడం తగ్గిపోతుంది. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎంత ఉన్నా, ఇవాళ కిరాణా కొట్లో ఇవ్వడానికి చేతిలో డబ్బు లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ నీళ్ళ పరిస్థితి. పరీక్ష చేస్తే మొత్తం కనపడుతుంది. పాచి మీద పనిచెయ్యడానికి ఖాళీగా ఉన్నది మాత్రం చాలా కొద్ది.

ఇంతకీ ఈ సైనూరిక్ యాసిడ్ అంతంత ఎలా చేరుతోంది? మనం వేసే టాబ్లెట్ల ద్వారానే. తేలే డబ్బాలో పెట్టి నీళ్ళలో వదిలే ఆ మూడంగుళాల తెల్ల బిళ్ళల పేరు ట్రైక్లోర్. క్లోరినూ సైనూరిక్ యాసిడూ కలిసి గట్టిపడ్డ పదార్థం అది. అవి నీళ్ళకు 10 పీపీఎం క్లోరిన్ ఇచ్చినప్పుడల్లా 6 పీపీఎం సైనూరిక్ యాసిడ్ కూడా ఇస్తాయి. క్లోరిన్ ఆ రోజే ఖర్చయిపోతుంది. సైనూరిక్ యాసిడ్ అలాగే ఉండిపోతుంది. నీళ్ళు ఆవిరైనా అది ఆవిరి కాదు, ఫిల్టర్ దాన్ని పట్టదు. లెక్క చూడండి. వేసవిలో రోజుకు 2 పీపీఎం క్లోరిన్ ఖర్చవుతుందనుకుందాం. నెలకు 60. అదంతా టాబ్లెట్లతోనే ఇస్తే నెలకు 36 పీపీఎం సైనూరిక్ యాసిడ్ చేరుతుంది. ఏప్రిల్ మొదట్లో సున్నాతో మొదలుపెట్టినా జూన్ చివరికి 100 దాటిపోతుంది. పిల్లలు ఎగిరి దూకినప్పుడు చిమ్మే నీళ్ళతోనూ, ఫిల్టర్ కడిగినప్పుడు పోయే నీళ్ళతోనూ కొంత తగ్గినా, పెద్ద తేడా రాదు. సంచుల్లో అమ్మే డైక్లోర్ పొడి ఇంకా వేగంగా పెంచుతుంది. దానితో 10 పీపీఎం క్లోరిన్‌కు 9 పీపీఎం సైనూరిక్ యాసిడ్ వెంట వస్తుంది.

మే నెలంతా బాగున్న పూల్ జులై మొదటి వారంలో ఉన్నట్టుండి పచ్చబడడానికి కారణం చాలా ఇళ్ళలో ఇదే. ఎవరూ ఏమీ మానలేదు. వేసేది వేస్తూనే ఉన్నారు. ఆ వేసేదే నీళ్ళను మొండిగా మార్చింది.

పూల్ శ్రద్ధగా చూసుకునేవాళ్ళు ఇక్కడ ఒక కొండగుర్తు పాటిస్తారు, అది నాకు నమ్మదగ్గదిగానే కనిపించింది. మామూలు రోజుల్లో నీళ్ళలోని క్లోరిన్ సైనూరిక్ యాసిడ్‌లో కనీసం 7.5 శాతం ఉండాలి. పట్టిన పాచిని చంపాలంటే 40 శాతం దాకా పెంచి, అక్కడే నిలబెట్టాలి. స్టెబిలైజర్ 40 ఉన్న పూల్‌కు రోజువారీ 3 పీపీఎం చాలు, పాచి పడితే 16 కావాలి. స్టెబిలైజర్ 100 ఉన్న పూల్‌కు రోజూ 7.5 ఉండాలి, పాచిని చంపడానికి 40 కావాలి. ఇప్పుడు ఆ పరీక్ష కాగితం డబ్బా మీద ఏం రాసి ఉందో గుర్తుచేసుకోండి. 1 నుంచి 3 దాకా ఉంటే బాగున్నట్టని రాసి ఉంటుంది. స్టెబిలైజర్ 100 ఉన్న ఇంటాయన 2 చూసుకుని ధైర్యంగా ఉంటాడు, పక్కన పాచి పెరుగుతూనే ఉంటుంది.

షాక్ అని రాసి ఉన్న ఒక పౌండు సంచీ సంగతి కూడా ఇంతే. కాల్షియం హైపోక్లోరైటు సంచీ ఒకటి 10,000 గాలన్ల నీళ్ళలో క్లోరిన్‌ను సుమారు 8 పీపీఎం పెంచుతుంది. 40 కావలసిన చోట 8 వేసి, తెల్లారి పచ్చగానే ఉంటే "షాక్ చేశాం, పనిచెయ్యలేదు" అనుకుంటాం. ఆ కొద్దిపాటి క్లోరిన్ కాస్త పాచిని చంపి తనూ అయిపోతుంది, మిగిలిన పాచి మర్నాటికల్లా ఆ లోటు పూడుస్తుంది.

ఈ దశలోనే ఇంటికి సీసాలు రావడం మొదలవుతుంది. పాచిమందు, ఫాస్ఫేటు తీసే మందు, నీళ్ళు తేటపరిచే మందు, అన్నీ కలిపి పెద్ద బిల్లు. వీటిలో కొన్నిటికి ఉపయోగం లేకపోలేదు. పాలీక్వాట్ రకం పాచిమందు పాచి రాకముందు కాపలాగా పనికొస్తుంది. పట్టిన పాచిని తుడిచిపెట్టే పని దానివల్ల కాదు. ఫాస్ఫేటు తగ్గిస్తే పాచికి తిండి తగ్గుతుందన్నది నిజమే, కానీ క్లోరిన్ సరిగా ఉన్న నీళ్ళలో ఫాస్ఫేటు ఎంత ఉన్నా పాచి నిలవదు. డబ్బు ఖర్చుపెట్టదలిస్తే మొదట కొనవలసింది మంచి పరీక్ష పెట్టె.

రాగి కలిసిన పాచిమందులతో మరీ జాగ్రత్త. రాగి పాచిని చంపుతుంది, కాదనను. కానీ అది నీళ్ళలోంచి పోదు. పీహెచ్ పెరిగిన రోజున ప్లాస్టర్ మీద నీలిపచ్చ మరకలుగా దిగుతుంది. లేతరంగు జుట్టున్న పిల్లల జుట్టు పచ్చబడడానికి కారణం క్లోరిన్ అనుకుంటారు. ఆ పచ్చదనం రాగిది. ఇంకొక సంగతి, నీళ్ళు అద్దంలా తేటగా ఉండి పచ్చరంగు మాత్రం కనిపిస్తుంటే, అది పాచి కాకపోవచ్చు, రాగి కావచ్చు. దాన్ని చూసి ఇంకా క్లోరిన్ గుమ్మరిస్తే మరకలు ఎక్కువవుతాయి.

తోచిన మందు తోచినట్టు పొయ్యడం ఎంత దూరం పోతుందో ప్రపంచమంతా ఒకసారి టీవీలో చూసింది. 2016 రియో ఒలింపిక్స్‌ను మనం పి.వి. సింధు వెండి పతకంతో గుర్తుపెట్టుకున్నాం. అదే ఆగస్టులో అక్కడి డైవింగ్ కొలను రాత్రికి రాత్రే ముదురు పచ్చగా మారింది, పక్కనున్న వాటర్ పోలో కొలను కూడా దాని దారే పట్టింది. నిర్వాహకులు చివరకు బయటపెట్టిన కారణం ఇది. ఆట పోటీలు మొదలయ్యే ముందు ఎవరో క్లోరిన్ ఉన్న ఆ నీళ్ళలో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు. అది కూడా క్రిమిసంహారిణే. అయితే క్లోరిన్‌తో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి హరించుకుంటాయి. కాపలా పోయిన నీళ్ళలో పాచికి అడ్డేముంది? కళాత్మక ఈత పోటీలు కూడా జరగవలసిన ఆ వాటర్ పోలో కొలనులోని నీళ్ళన్నీ తోడేసి, సాధన కొలను నుంచి సుమారు 37 లక్షల లీటర్లు తెచ్చి నింపవలసి వచ్చింది. అంత పెద్ద ఏర్పాట్లున్న చోటే రెండు మంచి మందులు కలిసి చెడు చేశాయి. మన పెరట్లో నాలుగు రకాల సీసాలు ఒకే సాయంత్రం పోసేముందు ఈ ఉదంతం గుర్తు తెచ్చుకుంటే మంచిది.

సరే, పట్టిన పాచిని పోగొట్టే పని మొదలుపెడదాం.

మొదట స్టెబిలైజర్ కొలవాలి. పరీక్ష పెట్టెలోని మందు కలిపితే పూల్ నీళ్ళు పాలలా మసకబారతాయి. వాటిని అడుగున నల్లచుక్క ఉన్న గొట్టంలో, ఆ చుక్క కనపడకుండా పోయేదాకా పోసి, ఎంత ఎత్తుకు వచ్చాయో చదువుతారు. 80, 100 దాటి ఉంటే క్లోరిన్ జోలికి పోకముందే కొంత నీళ్ళు మార్చుకోండి. సగం నీళ్ళు మారిస్తే స్టెబిలైజర్ సగమవుతుంది. 15,000 గాలన్ల పూల్‌లో స్టెబిలైజర్ 100 ఉండగా 40 పీపీఎంకు చేరాలంటే పది శాతం ద్రవ క్లోరిన్ ఆరు గాలన్లు పొయ్యాలి, అదీ మొదటి సారికి మాత్రమే. స్టెబిలైజర్ 40కి దిగితే రెండున్నర గాలన్లతో సరిపోతుంది. నీళ్ళ బిల్లు ఎంతవుతుందో, క్లోరిన్ బిల్లు ఎంతవుతుందో మీరే పోల్చుకోవచ్చు.

అయితే పూల్ మొత్తం ఖాళీ చెయ్యకండి. డల్లాస్ ప్రాంతంలో మనది నల్లరేగడి. వానలకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. నేలలో ఊట ఉన్నప్పుడు లోపల నీటి బరువు లేకపోతే కాంక్రీటు తొట్టి మొత్తం పైకి లేచిపోయే ప్రమాదం ఉంది. వానలు వెలిసిన కొన్ని రోజులకు, కొంత కొంతగా మార్చుకోండి. తోడిన నీళ్ళు ఎక్కడికి వదలాలో మీ సిటీ నిబంధన చూసుకోండి. క్లోరిన్ ఉన్న నీళ్ళు వీధి వాన కాలవలోకి పోతే నేరుగా వాగులోకి చేరతాయి, అక్కడి చేపలు చచ్చిపోతాయి.

తరవాత పీహెచ్‌ను 7.2 దగ్గరకు దింపండి. ఇది ముందే చెయ్యాలి. క్లోరిన్ 10 దాటాక పీహెచ్ పరీక్ష నమ్మదగ్గట్టు ఉండదు. ఆకులూ చెత్తా వలతో ఎత్తెయ్యండి, కుళ్ళిన ఆకు ఉన్నంతసేపు క్లోరిన్ దాని మీదే ఖర్చవుతుంది.

ఇక క్లోరిన్. ఈ పనికి ద్రవ క్లోరిన్ మంచిది. దానితో స్టెబిలైజర్ పెరగదు, కాల్షియం పెరగదు. కాల్షియం హైపోక్లోరైటు పొడి అయితే 10 పీపీఎం క్లోరిన్‌కు 7 పీపీఎం కాల్షియం చేరుస్తుంది. మన కుళాయి నీళ్ళు అసలే కఠినం. లెక్క సులువు. 10,000 గాలన్లకు పది శాతం ద్రవం ఒక గాలన్ పోస్తే 10 పీపీఎం పెరుగుతుంది. కొనేటప్పుడు సీసా మీద తేదీ చూడండి, టెక్సస్ వేడికి నిలవ ఉన్నకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. సాయంత్రం ఎండ దిగాక, పంపు నడుస్తుండగా, నీళ్ళు తిరిగి వచ్చే రంధ్రం ఎదురుగా నెమ్మదిగా పొయ్యండి. పని పూర్తయ్యేదాకా పంపును రాత్రింబవళ్ళు ఆపవద్దు.

ఒక్కసారి పోసి వదిలెయ్యడమే చాలామంది దగ్గర పని చెడగొడుతున్నది. క్లోరిన్ పాచిని చంపుతూ తను ఖర్చవుతుంది. మొదటి రోజు రెండు మూడు గంటల్లోనే సగానికి పడిపోవచ్చు. పడిన ప్రతిసారీ కొలిచి, మళ్ళీ ఆ స్థాయికి తేవాలి. కొలవడానికి కాగితాలు పనికిరావు. రంగు పోల్చే మామూలు గొట్టాలతో ఇంకో ప్రమాదం ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగు తెల్లబోయి, అసలు లేదన్నట్టు చూపిస్తుంది. చుక్కల పరీక్ష తెచ్చుకోండి. పది మిల్లీలీటర్ల నీళ్ళలో పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది, అది పోయేదాకా చుక్కలు వేస్తూ లెక్కపెట్టాలి. ఒక్కో చుక్క అర పీపీఎం.

రోజుకొకసారైనా గోడలూ, అడుగూ, మెట్లూ బ్రష్‌తో గట్టిగా రుద్దండి. పాచి తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. ఆ పొర చెదిరితేనే క్లోరిన్ లోపలికి పోతుంది. ఒళ్ళు అలిసే పనే, కానీ దీనికి బదులు పనికొచ్చే మందు లేదు. మొండి పాచి ఎప్పుడూ దాక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. నిచ్చెన కమ్ముల వెనక, స్కిమ్మర్ రెక్క అడుగున, దీపం వెనకున్న గూట్లో. అన్ని గోడలూ మెరుస్తుండగా వారానికి మళ్ళీ పచ్చదనం వచ్చిందంటే నేను మొదట అనుమానించేది ఆ దీపం గూడే. బ్రేకర్ ఆపాకే దీపం బయటికి తియ్యాలి. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

చచ్చిన పాచి బూడిదరంగు మసకగా నీళ్ళలో తేలుతుంది. అది ఫిల్టర్ పని. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పటి కన్నా పీడనం 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగితే ఇసుక ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చెయ్యండి, కార్ట్రిడ్జ్ అయితే తీసి గొట్టంతో కడగండి. ఈ పని సాగినన్నాళ్ళూ రోజుకు రెండుసార్లు కడగవలసి రావచ్చు.

ఎప్పటిదాకా ఇలా? దీనికి ఖచ్చితమైన గుర్తు ఉంది. పొద్దుగుంకాక క్లోరిన్ కొలవండి. తెల్లవారి ఎండ రాకముందు మళ్ళీ కొలవండి. రాత్రి ఎండ లేదు, ఈదేవాళ్ళు లేరు. అయినా క్లోరిన్ 1 పీపీఎం కన్నా ఎక్కువ తగ్గిందంటే లోపల ఇంకా ఏదో దాన్ని తింటోంది. తగ్గుదల 1 లోపు ఉండి, నీళ్ళు తేటగా ఉండి, మురికితో కలిసిపోయిన క్లోరిన్ (కంబైన్డ్ క్లోరిన్) అర పీపీఎం మించకపోతే పని అయినట్టు. నీళ్ళు నీలంగా కనపడగానే ఆపేసినవాళ్ళకే పాచి తిరిగి వస్తుంది. ఆ ఒకటి రెండు రాత్రుల ఓపికే మొత్తం పనిని నిలబెడుతుంది.

పసుపు పాచిది వేరే తీరు. నీడ పడే గోడ మీద దుమ్ములా కూర్చుంటుంది, రుద్దితే ఇట్టే లేచిపోతుంది, మర్నాడు అక్కడే ఉంటుంది. పుప్పొడో ఇసుకో అనుకుని చాలామంది వదిలేస్తారు. పచ్చపాచికి చెప్పినదంతా చేసి, చివర క్లోరిన్‌ను ఇంకా పైకి, స్టెబిలైజర్‌లో 60 శాతం దాకా తీసుకెళ్ళి 24 గంటలు ఉంచాలి. బ్రష్‌లూ, పిల్లల బొమ్మలూ, క్లీనర్ గొట్టాలూ ఆ నీళ్ళలోనే ముంచి ఉంచాలి, ఈత దుస్తులు విడిగా ఉతకాలి.

నల్లపాచి అన్నిటికన్నా కష్టం. శాస్త్రం ప్రకారం అది పాచి కాదు, సైనోబాక్టీరియా. ప్లాస్టర్ సన్న రంధ్రాల్లోకి దిగి, పైన గట్టి పొర కప్పుకుంటుంది. ప్లాస్టర్ పూల్ అయితే స్టీలు తీగల బ్రష్‌తో ఆ మచ్చల తలలు తెగేలా గీకాలి. వినైల్, ఫైబర్‌గ్లాస్ పూల్‌లో ఆ బ్రష్ వాడితే పూల్ పాడవుతుంది. గీకుడూ, ఎక్కువ క్లోరినూ కలిపి వారాలపాటు సాగాలి. రెండు రోజుల్లో పోగొడతామనేవాళ్ళను నమ్మవద్దు.

మందులు వాడే చేతుల గురించి గట్టిగానే చెప్పాలి. యాసిడ్‌నూ క్లోరిన్‌నూ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. కారు డిక్కీలో రెండూ పక్కపక్కన పెట్టి తీసుకురాకండి. ట్రైక్లోర్ బిళ్ళలు వేసే డబ్బాలోనో స్కిమ్మర్‌లోనో కాల్షియం హైపోక్లోరైటు పొడి వెయ్యకండి, రెండూ కలిస్తే మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. మందును నీళ్ళలో వెయ్యాలి కానీ మందు మీద నీళ్ళు పొయ్యకూడదు. కళ్ళకు రక్షణ అద్దాలూ, చేతి తొడుగులూ లేకుండా మూత తియ్యకండి.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. 2011 జూన్‌లో మసాచుసెట్స్ రాష్ట్రం ఫాల్ రివర్ ఊళ్ళోని ప్రభుత్వ ఈత కొలనులో ఒక స్త్రీ మునిగిపోయారు. ఆమె శరీరం రెండు రోజులపాటు ఆ కొలనులోనే ఉంది. ఆ రెండు రోజులూ జనం అందులో ఈదుతూనే ఉన్నారు, కాపలావాళ్ళు గట్టు మీదే ఉన్నారు. నీళ్ళు అంత మసకగా ఉన్నాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మసకనీళ్ళంటే నాకు పాచి గుర్తుకు రాదు. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల మరణాలకు నీట మునగడమే మొదటి కారణమని సీడీసీ చెబుతోంది. పుట్టినరోజు పండగకు పాతికమంది పిల్లలు వచ్చారని, వాళ్ళు అడుగుతున్నారని, "కాస్త పచ్చగా ఉంటే ఏమవుతుందిలే" అని దింపేవాళ్ళను చూశాను. లోతు చివర అడుగున ఉన్న డ్రెయిన్ మూత గట్టు మీది నుంచి స్పష్టంగా కనపడేదాకా ఏ బిడ్డనూ దింపకండి. మునిగిన పిల్ల కనపడని నీళ్ళలో ఎంతమంది పెద్దలు కాపలా ఉన్నా ఉపయోగం లేదు.

వదిలేసిన పచ్చపూల్ పక్కింటివాళ్ళకు కూడా హాని. 2012 వేసవిలో డల్లాస్ కౌంటీలో వెస్ట్ నైల్ జ్వరం ఎంత భయపెట్టిందో, విమానాలతో దోమలమందు చల్లవలసి వచ్చిన సంగతీ అప్పుడు ఇక్కడున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ దోమకు కదలని పచ్చనీళ్ళు చాలు. వేసవి సెలవులకు రెండు నెలలు ఇండియా వెళ్ళేవాళ్ళు ఇంటి తాళం ఎవరికిస్తున్నారో, పూల్ బాధ్యత కూడా వాళ్ళకు చెప్పి వెళ్ళండి.

మన ఊళ్ళలో కూడా ఇప్పుడు ఈ అవసరం పడుతోంది. హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలో ఈత కొలనులు కట్టి వారాంతాలకు అద్దెకు ఇస్తున్నారు. అక్కడ పాచి పడితే చేనుకు బోర్డో మిశ్రమం కలిపిన అలవాటు కొద్దీ మైలుతుత్తం వేస్తారు. అదీ రాగే, నేను ఇందాక చెప్పిన మరకలన్నీ దానివల్ల వస్తాయి. బ్లీచింగ్ పౌడర్‌లో పనికొచ్చే క్లోరిన్ సుమారు మూడో వంతే, మిగతా చాలావరకు సున్నపు మడ్డి, పైగా బోరునీళ్ళ కాఠిన్యం. 90 శాతం అని రాసి ఉన్న టీసీసీఏ బిళ్ళలు ఇక్కడి ట్రైక్లోర్ బిళ్ళలే, స్టెబిలైజర్ లెక్క అక్కడా మారదు. మీ అన్నదమ్ములకో, బావమరుదులకో అక్కడ అలాంటి కొలను ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు స్టెబిలైజర్ ఎప్పుడైనా కొలిపించారా అని అడగండి.

ఇక్కడున్న శ్రోతలకు నా విన్నపం ఒక్కటే. ఈ శనివారం ఏ మందూ కొనకముందు ఒక శుభ్రమైన సీసాలో మీ పూల్ నీళ్ళు పట్టండి. పైపైన కాకుండా, మోచేతి లోతున, నీళ్ళు తిరిగి వచ్చే రంధ్రానికి దూరంగా పట్టాలి. పూల్ దుకాణాల్లో చాలాచోట్ల డబ్బు తీసుకోకుండా పరీక్షించి ఇస్తారు. సైనూరిక్ యాసిడ్ ఎంతో అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ అంకెను బట్టే మిగతా లెక్కంతా వేసుకోండి. నీళ్ళు తేటపడి అడుగు కనిపించేదాకా పూల్ గేటుకు తాళం తియ్యకండి.